మినికాయ్‌లో ఫోను దొరికేదాకా

ఓడ ఎక్కి వచ్చిన దగ్గర్నుంచి మా మెస్‌కి వచ్చే పిల్లలు నన్ను వదలడం లేదు. అన్నం పెడుతుంటే ఒకడు, పెరుగు పోస్తుంటే ఇంకొకడు. "అక్కా, ఓడ ఊగుతదా?" "అక్కా, దీవి అంటే సుట్టూ నీళ్లే ఉంటయా, నడుమల మనుషులెట్ల ఉంటరు?" మా అశోక్ నగర్ గల్లీల్లో గ్రూప్ పరీక్షలకి చదివే ఈ పిల్లలకి ప్రపంచంలోని సముద్రాలన్నీ నోటికొచ్చు. కళ్లతో చూసింది మాత్రం హుస్సేన్ సాగర్. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్ దాకా. అది కూడా పాసయ్యానని ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే కాలేదు.

ముందు మా ఆయన గురించి చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. పేరు మహేందర్. సిద్దిపేట అవతల పల్లె. ఒకప్పుడు అతను కూడా ఈ పిల్లల్లాగే మా బెంచీ మీద కూర్చుని తిన్నవాడే. అందరినీ అన్నట్టే అతన్నీ "అన్నా, చారు పొయ్యాల్నా" అనేదాన్ని. ఒకరోజు నుంచి అన్నా అనడం మానేశాను. మా అమ్మకి సంగతి ఆ రోజే తెలిసిపోయింది. అతనికి సర్కారు ఉద్యోగం రాలేదు గానీ నారాయణగూడలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని దొరికింది. పెళ్లయ్యాక మెస్ పైనున్న మా ఇంట్లోనే ఉండిపోయాం. కింద అమ్మా నేనూ వండుతాం, పైన ముగ్గురం పడుకుంటాం. దాన్ని లోకం ఇల్లరికం అంటుంది. మేము ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు. అంటే, నేను అనుకోలేదు.

2012 చలికాలం చివర్లో వాళ్ల ఓనరు బోనస్‌కి బదులు మా ఇద్దరికీ ఓడ టికెట్లు ఇచ్చాడు. కొచ్చిలో ఎక్కి, లక్షద్వీపాల్లో మినికాయ్ అనే దీవిలో ఒక పగలు గడిపి తిరిగి రావాలి. పర్మిట్లు అవీ అన్నీ అయ్యాయి. సరిగ్గా బయల్దేరే ముందు మహేందర్ వాళ్ల అన్న నర్సింలు ఫోను చేశాడు. వాళ్ల మండలంలో బస్టాండు ముందు ఒక షట్టర్ ఖాళీ అయిందట, విత్తనాల దుకాణం పెడదాం రమ్మన్నాడు. "ఎన్ని దినాలు అత్తగారింట్ల పంటవురా. ఐతారం పొద్దూకేలోపల చెప్పు. లేకుంటె నా బామ్మర్దికి ఇస్త." ఆ ఆదివారం మేము ఉండేది మినికాయ్‌లో. నడిసముద్రంలో ఓడ మీద సిగ్నల్ ఉండదు. చెప్పాలంటే ఆ దీవి మీద నుంచే చెప్పాలి.

ఏం చెబుతాడో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. రైలులో కొచ్చి దాకా మా మధ్య కూర్చున్నది ఆ ఫోనే.

కొచ్చి

స్టేషన్ బయటికి రాగానే కొబ్బరి నూనె వాసన. అరటి చిప్సు మన దగ్గర ఉప్పుకి బదులు కారం చల్లి అమ్ముతారు కదా, అక్కడ పెద్ద మూకుడు మీదే అరటికాయ చెక్కుతున్నాడు, ముక్కలు తిన్నగా నూనెలో పడుతున్నాయి. పావు కిలో కొన్నాం. సుల్తాన్ బజార్‌లో బేరం చేసినట్టు చేయబోతే ఆయన నా వైపు చూడను కూడా లేదు. అన్నం గింజ ఒక్కొక్కటి ఎర్రగా చిక్కుడు గింజంత. మా అమ్మ మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చింది కాబట్టి బతికాం.

హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లలో కవాడిగూడ అంకుల్, ఆంటీ ఉన్నారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. పేరు సత్యనారాయణ గారు. బ్యాంకు మనిషి కదా, ఎవరిని చూసినా ముందు వివరాలు కావాలి.

ఓడలో

బస్సులాగా ఉంటుందనుకున్నాను. కాదు. అది ఒక హాస్టల్. పొడుగ్గా వరండాలు, పక్కన గదులు, మాకు పైనా కిందా పరుపులు. బయల్దేరిన కాసేపటికే కడుపులో తిరగడం మొదలైంది. ఆంటీ ఎండబెట్టిన అల్లం ముక్క ఇచ్చింది. అది నోట్లో ఉండగానే కక్కాను. మహేందర్ వీపు రాశాడు, నీళ్లు తెచ్చాడు, ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండా సేవ చేసే మొగుడికంటే తిట్టే మొగుడు నయం అనిపించింది.

సాయంత్రం కాస్త కుదుటపడి అందరం భోజనాల హాల్లో కూర్చున్నాం. సాంబారు, క్యాబేజీ కూర, చేప.

"ఏడుంటరు బాబూ మీరు?" అన్నాడు అంకుల్.

"అశోక్ నగర్ల సార్."

"సొంతిల్లా, కిరాయా?"

మహేందర్ జవాబు చెప్పేలోపు నా నోరు ఆగదు కదా. "మా అమ్మ ఇల్లే అంకుల్. కింద మెస్, పైన మేము."

"ఓహో, ఇల్లరికమా. కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు, వండిన అన్నం. నీ పనే బాగుందయ్యా."

"మీరు జర ఊకుండుండ్రి," అంది ఆంటీ.

మహేందర్ ప్లేటులో చెయ్యి కడిగేసుకుని పైకి వెళ్లిపోయాడు. చేప ముక్క అలాగే ఉంది. నేను వెనకాలే వెళ్లాను. పైన గాలికి చున్నీ నిలవడం లేదు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, ఒక్క దీపం లేదు.

"అంకుల్ ఊకెనే అన్నడు," అన్నాను.

"ఊకెనే అననీకె అందరికి నేనే దొరుకుత."

"మీ అన్నకు రేపు ఏం చెప్తవు?"

"నువ్వు మీ అమ్మను ఇడిశి వస్తవా?"

"అడిగినవా నన్ను?"

"అడిగితె ఏమంటవో నాకెర్కనే."

నేను ఏమంటానో నాకే తెలియదు, ఇతనికెలా తెలుసు అనిపించింది. నిజం చెప్పాలంటే నా భయం పల్లెకి పోవాల్సి వస్తుందని కాదు. రేపు ఈ దీవి మీద ఏదో ఒక మాట ఫోన్లో అనేస్తాడు, ఆ మాటతో మేమిద్దరం ఎక్కడ ఉంటామో, అసలు ఇద్దరం ఒక చోట ఉంటామో లేదో తేలిపోతుంది, అప్పుడు నేను పక్కన కూడా ఉండను. అదీ నా భయం.

తలుపులోంచి పడవలోకి

పొద్దున కిటికీలోంచి ముందు కనపడింది తెల్లటి దీపస్తంభం. తర్వాత కొబ్బరిచెట్ల గీత. ఓడ ఒడ్డుదాకా పోదు. నీళ్ల కింద పగడపు రాళ్లుంటాయి, తగిలితే అంతే. అందుకని దూరంగా నిలబెడతారు. ఒడ్డు నుంచి చిన్న పడవలు వస్తాయి. ఓడ పక్కన ఒక తలుపు తీస్తారు. పడవ అలతో పైకి లేస్తుంది, కిందికి పడిపోతుంది. పైకి లేచినప్పుడు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మన రెండు రెక్కలు పట్టుకుని సామాను మాదిరి ఆ పడవలోకి అందిస్తారు. ఆలోచించేవాళ్లకి లోపల చోటు లేదు. ఆంటీ కళ్లు మూసుకుని దేవుడి పేర్లు చదివింది. నన్ను పట్టుకున్న మనిషి హిందీలో, "అక్కా, మీరు దూకొద్దు, మేమే దూకిస్తాం," అన్నాడు.

రాళ్లు దాటి లోపలికి రాగానే నీళ్ల రంగు మారిపోయింది. గోలీసోడా సీసా పగలగొట్టి పోసినట్టుంది. అడుగున ఇసక, చేపలు, మా పడవ నీడ. అందరూ ఫోటోలు తీస్తున్నారు. మహేందర్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, ఫోటో కోసం కాదు, సిగ్నల్ కోసం.

రాలేదు. అక్కడ సర్కారు ఫోను తప్ప మన సిమ్‌లు ఏవీ పనిచేయవట.

ఫోను బూత్

ఆ ఊరు ఎంత బాగుందంటే, కోపంలో ఉన్నదాన్ని నేనే చూస్తూ ఉండిపోయాను. గల్లీల్లో తెల్లటి ఇసక, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు ఊడ్చి ఉంది. కాగితం ముక్క లేదు. పగడపు రాతి గోడలు, వాటి మీద ఆరేసిన బట్టలు. బయట తిరిగేదంతా ఆడవాళ్లే. మగవాళ్లు చాలామంది ఓడల్లో పని చేస్తారట, నెలలు నెలలు రారు. ప్రతి వాడకీ ఒక పెద్ద ఇల్లు ఉంటుంది, మగవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి. మన దగ్గర ఆ పని చాయ్ హోటల్ చేస్తుంది.

అందరినీ వ్యాను ఎక్కించి బీచికి తీసుకుపోయారు. మేమిద్దరం ఫోను బూత్ వెతుక్కుంటూ ఊళ్లోనే ఆగిపోయాం. బూత్ దొరికింది. తాళం వేసి ఉంది.

ఎదురుగా ఆ పెద్ద ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గళ్ల లుంగీ, తెల్లగడ్డం. "నమాజు, భోజనం అయ్యాక వస్తాడు. తొందరా?" అన్నాడు హిందీలో. అక్కడ అందరం హిందీలోనే మాట్లాడుకున్నాం, నేను మాత్రం తెలుగులో రాస్తున్నాను.

"తొందరే," అన్నాడు మహేందర్.

"తొందరున్నవాళ్లు ఎండలో నిలబడకూడదు. రండి, మా ఇల్లు ఈ పక్కనే."

ఆయన పేరు అలీ. సరుకు ఓడల్లో వంటవాడిగా చేసి మానేశాడట. ఇంట్లో ఆయన భార్య మరియం మా కాళ్లకి నీళ్లిచ్చింది. ముందు గదిలో చెక్క ఉయ్యాల, మంచమంత వెడల్పు. మమ్మల్ని దాని మీద కూర్చోబెట్టలేదు, పక్కన చాప వేసింది. ఎండుచేప తురిమి కొబ్బరితో కలిపి రొట్టె, నల్లటి చాయ్. ఆ ఎండుచేప మొదట చెక్క నమిలినట్టుంటుంది, తర్వాత వదలాలనిపించదు. నేను తింటూనే ఉన్నాను. మహేందర్ తలుపులోంచి బూత్ వైపే చూస్తున్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాడు. "ఇది మీ సొంతిల్లా?"

అలీ భాయ్ నవ్వాడు. "నాదెక్కడిది? మరియంది. అంతకుముందు వాళ్లమ్మది. నేను పెళ్లయ్యాక పెట్టె పట్టుకుని వచ్చాను."

మహేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏమంటారు?"

"అంటే... అత్తగారింట్లో ఉంటున్నాడని."

పెద్దాయనకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మరి ఇంకెక్కడుంటారు? మా దగ్గర మగవాడు భార్య ఇంటికే కదా పోయేది. గొడవైతే మా అక్క ఇంటికి పోతాను. గల్లీ చివరే. అక్కడ నా మంచం ఉంది, రెండు రోజులు పడుకుని వస్తాను. ఈవిడ పిలిస్తేనే వస్తాను."

"నేను ఎప్పుడూ పిలవలేదు," అంది మరియం లోపలి నుంచి.

నాకు ఎంత సంబరమైందంటే, మోచేత్తో మహేందర్‌ని పొడిచాను. "ఇన్నవా?" అన్నాను తెలుగులో.

"ఇన్న," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆయనకు అలిగితె పోనీకె అక్కిల్లు ఉంది. ఆడ మంచం ఉంది. నేను అలిగితె ఏడికి పోవాలె? మెస్‌ల బెంచి మీదికా?"

నేను రొట్టె పక్కన పెట్టాను. మరియం బయటికి వచ్చి మా ఇద్దరి మొహాలు చూసింది. "ఏమంటున్నాడు?" అంది. సగం చెప్పాను, సగం మింగాను. ఆవిడ ఆ ఉయ్యాల చూపించింది. "ఇది ఆయన తరఫు వాళ్లది. వాళ్ల అక్క వస్తే నేను దీని మీద కూర్చోను. మా ఇంట్లో అంతే. మీ ఇంట్లో ఆయన వాళ్లు వస్తే ఎక్కడ కూర్చుంటారు?"

నోరు తెరిచాను. 'మెస్‌లో' అనబోయాను. మహేందర్ చెప్పాడు, ఆవిడకి కాదు, నాకు. తెలుగులో.

"దసరా ముంగట అన్న వచ్చిండు సూడు. అత్త మెస్‌ల కూసోబెట్టింది, పిలగాండ్ల నడుమల. అన్న తింటనే ఉన్నడు, ఒకడు వచ్చి, 'పెద్దాయనా, జర జల్ది లెవ్వు, సీటు గావాలె' అన్నడు. అన్న పెరుగన్నం ఇడిశిపెట్టి లేశిండు. గా దినం నుంచి మల్ల రాలే. ఆ షట్టర్ దుకాణం కోసం కాదు నన్ను పిలుస్తున్నది."

ఆ రోజు నాకు గుర్తుంది. అమ్మ ఆయనకి వేడి వేడి అన్నం, మొదటి వాయి పప్పు వేసింది. మాకు ఆ బెంచీని మించిన మర్యాద లేదు. మా ఇంట్లో ఎవరొచ్చినా అక్కడే పెడతాం, పైన గదిలో మేము మడత మంచాలు తప్ప ఏమీ పెట్టలేదు. మెస్ నడిపేవాళ్లకి మెస్సే ఇల్లు. అది ఇంకొకరికి హోటల్‌లా కనపడుతుందని మాకెవరూ చెప్పలేదు.

బయట బూత్ షట్టర్ లేచిన చప్పుడైంది.

బావతో

మేము బూత్ చేరేసరికి గాలి మారింది. కొబ్బరి మట్టలు ఒకవైపుకే వంగుతున్నాయి. అప్పుడే బీచి నుంచి తిరిగొచ్చిన వ్యానులోంచి అంకుల్ తల బయట పెట్టాడు. "ఓ పిల్లలూ, అల లేస్తుందట. పడవలు ముందే తీస్తున్నరు. వ్యాన్ల చోటు లేదు, నడిశి రాండ్రి, జల్ది."

మహేందర్ నంబర్ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకోకముందే వాళ్లన్న గొంతు నాకు వినపడింది. "ఏమాయెరా, వస్తున్నవా లేదా? షట్టరోడు గీడనే కూసున్నడు."

"అన్నా..." అన్నాడు మహేందర్. అంతే. మళ్లీ "అన్నా" అన్నాడు.

"వస్తున్నవా, లేదా? ఒక్క మాట."

ఆ ఒక్క మాట రావడం లేదు. చొక్కా వీపంతా తడిసిపోయింది. దూరంగా ఓడ కూత వేసింది.

మా వైపు భర్త అన్నని బావ అంటాం. బావ ఎదురుగా తమ్ముడి భార్య కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. ఏమైనా చెప్పాలంటే అక్క చేతనో, పిల్లల చేతనో చెప్పించాలి. పెళ్లయిన దగ్గర్నుంచి నేను ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను గుంజుకున్నాను.

"బావా, నేను రజితను."

అటు ఎవరో దగ్గారు.

"మీరొస్తె మెస్‌ల కూసోబెట్టినం. మాకు గదే ఇల్లనుకున్నం. మీకు గట్ల అనిపియ్యలేదని ఇయ్యాల్నే సమజైంది. గందుకు ఈయన్ను తీస్కపోతనంటె, నేను గూడ వస్త. మా అమ్మకు నేను చెప్పుకుంట. గాని మీరు వస్తవా రావా అంటున్నరు, నేను పోతవా ఉంటవా అంటున్న. ఏం గావాల్నని ఎవ్వలం అడుగుతలేము. ఒక్కపారి అడుగుండ్రి బావా."

"వానికియ్యి," అన్నాడు బావ.

మహేందర్ ఫోను తీసుకుని నా వైపు చూశాడు. "నువ్వు పో. పడవ ఆపు," అన్నాడు.

ఆఖరి పడవ

చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. జెట్టీ దగ్గర ఒక పడవ అప్పటికే వెళ్లిపోయింది, ఇంకొకటి నిండుతోంది, పొద్దున్నే అద్దంలా ఉన్న నీళ్లు ఇప్పుడు మెట్ల మీదికి ఎగిరి పడుతున్నాయి. పడవవాడు ఎక్కమన్నాడు. మా ఆయన రావాలన్నాను. "ఇదే ఆఖరిది. ఆలస్యమైతే ఓడ దగ్గర ఎక్కించడం కుదరదు. ఎక్కండి," అన్నాడు. నేను ఎక్కలేదు. ఆంటీ చెయ్యి పట్టుకుని లాగింది, అయినా ఎక్కలేదు. గల్లీ మొదట్లో ఎవరూ లేరు.

ఆయన వస్తాడా అన్న అనుమానం అప్పుడు నిజంగా వచ్చింది నాకు. ఆ దీవిలో ఉండిపోతాడని కాదు. వచ్చినా, నాతో ఉండాలని వస్తాడా అని.

అంకుల్ ఒక కాలు పడవలో, ఒక కాలు మెట్టు మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. "జర ఆగు బాబూ, మోకాలు పట్టేసింది," అన్నాడు. పడవవాడు లేపబోతే, "ముట్టకు, ముట్టకు, ఆపరేషన్ అయిన మోకాలు," అన్నాడు. ఆంటీ ఆయన వైపు చూసింది. ఏ ఆపరేషనూ లేదని ఆ చూపులోనే తెలిసింది.

అప్పుడు అలీ భాయ్ సైకిల్ వచ్చింది, వెనక మహేందర్. దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు, పట్టుకుని వదిలి పరుగెత్తుకొచ్చాడు. అంకుల్ మోకాలు వెంటనే నయమైంది.

ఓడ దగ్గర పొద్దుటికి రెండింతల అల. పడవ తలుపు దాకా లేచి, ఒక్కసారి మనిషి లోతు కిందికి జారిపోతోంది. ఆంటీని అందించారు. మహేందర్ వెళ్లాడు. నా వంతు వచ్చినప్పుడు పట్టుకున్నవాళ్లు వదిలారు, అటువాళ్లు ఇంకా అందుకోలేదు, ఆ నడుమ కాళ్ల కింద ఏమీ లేదు, కిందంతా నల్లటి నీళ్లు. తర్వాత ఇనప నేల మీద బోర్లా పడి ఉన్నాను. ఒక చెప్పు సముద్రంలో పోయింది.

వరండాలో గోడకి ఆనుకుని ఇద్దరం కూర్చున్నాం. అడగడానికి ధైర్యం చాలలేదు. అతనే అన్నాడు.

"ఏం గావాల్రా నీకు, అన్నడు."

"నువ్వేమన్నవు?"

"రూం గావాలె అన్న. చిక్కడపల్లిల ఒక్క రూం, కిరాయికి. నువ్వు పొద్దుగాల మెస్‌కు పో, నేను ఆఫీసుకు పోత. మావోళ్లు వస్తె గాడికి రావాలె. తాళం నా దగ్గర ఉండాలె."

"మరి దుకాణం?"

"బామ్మర్దికిస్త అన్నడు. కోపంగనే అన్నడు." తడిసిన చొక్కా అంచు పిండుకుని, "రూం దొరికినంక చెప్పు, అన్నడు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏది పోయి ఏది మిగిలిందో తెలియక వచ్చిన ఏడుపు. పల్లెకి పోవడం లేదు, ఇతను పోవడం లేదు. కానీ పుట్టినప్పటి నుంచి నేను మా అమ్మ పక్కన తప్ప ఇంకెక్కడా పడుకోలేదు.

"అత్తకు నేను చెప్త," అన్నాడు.

"వద్దు," అన్నాను.

మళ్లీ కొచ్చి

ఒడ్డు ఇంకా కనపడకముందే ఓడలో ఫోన్లన్నీ ఒకేసారి మోగడం మొదలైంది. నాది కూడా.

"ఏమే, ఓడెట్లుంది? కక్కినవా?" అంది అమ్మ. వెనక మిక్సీ తిరుగుతోంది, పొద్దుటి చట్నీ.

"కక్కిన."

"గందుకే చింతపండు పెట్టుకోమన్న. అల్లుడు మంచిగున్నడా? ఎల్లుండి వస్తరు గద, ఏం వండాలె? మటన్ తెప్పియ్యాల్నా?"

"అమ్మా, మేమొక రూం చూస్కుంటం. చిక్కడపల్లిల. నేను మెస్‌కు రోజు వస్త. పొద్దుగాల్నే వస్త."

మిక్సీ ఆగింది. మెస్‌లో ఎవరో చట్నీ అడుగుతున్నారు, అమ్మ వాళ్లకి జవాబు చెప్పలేదు.

"ఎవలనుకున్నరు గట్ల? ఆయనా?"

"ఇద్దరం."

అమ్మ ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. మహేందర్ నా పక్కకి జరిగి ఫోను దగ్గర చెవి పెట్టాడు.

"గింత మాట చెప్పనీకె సముద్రం దాక పోవాల్నా బిడ్డా," అంది.

మళ్లీ మిక్సీ వేసింది. ఫోను పెట్టేయలేదు. చట్నీ అయ్యేంతసేపు అయింది, అంతకంటే ఎక్కువే అయింది. నేను చెవికి ఆనించుకుని వింటూ కూర్చున్నాను. అది తిరుగుతూనే ఉంది.